చెయ్యి చాపితే అందే చోట

మార్చి 4, మంగళవారం

ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం మా బావమరిది నాకొక మాట ఇచ్చాడు. "చెయ్యి చాపితే అందే చోటే బిగిస్తాను బావా, నువ్వు మళ్ళీ చూసుకోవక్కర్లేదు" అన్నాడు. జీపులో పెట్టే ఎర్ర సిలిండరు గురించి. మంటలార్పేది. ఆ మాట తప్పాడు.

ఈ సంగతి ఈ డైరీల్లో ఎన్నిసార్లు రాసుకున్నానో నాకే తెలియదు. మళ్ళీ రాయాల్సిన పని ఇవాళ పడింది. రాత్రి భోజనం దగ్గర మా అమ్మాయి చాలా మామూలుగా ఒక కబురు చెప్పింది. వచ్చే సోమవారం కొండమీది పల్లెలకు వెళ్తోందట. పశువుల డాక్టరు కదా, గాలికుంటు టీకాలు వెయ్యాలి. ఎనిమిది రోజుల పని. ఆ పల్లెలకు రోడ్డు లేదు. వాగులు దాటి, బండరాళ్ళ మీదుగా ఎక్కి, ఆపైన నడుమెత్తు ఎండుగడ్డిలోంచి పోవాలి. ఆమె ఫోర్‌వీల్ బండి తప్ప ఇంకేదీ ఎక్కదు. ఆ బండిని సిద్ధం చెయ్యడానికి రేపు మామయ్య షెడ్డుకు పంపుతుందట.

నీళ్ళ గ్లాసు కింద పెట్టి, ఊళ్ళో ఇంకో మెకానిక్కు లేడా అని అడిగాను.

"కొండెక్కే బండికి మామయ్య తప్ప ఇంకెవరు చెయ్యి పెట్టినా నాకు నిద్ర పట్టదు నాన్నా" అంది.

నాకు నిద్ర పట్టనిది ఆ చెయ్యి వల్లేనని ఆమెకు తెలుసు. తెలిసే అంది. అన్నీ వాళ్ళమ్మ పోలికలు.

వాణ్ణి ఊరంతా నట్టు అంటారు. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య ఒక నట్టు పట్టుకుని ఉంటాడు. మాట్లాడాలంటే దాన్ని తియ్యాలి. అందుకని మాట్లాడడు. ఇలాంటి వాళ్ళను లోకం నిదానస్తుడంటుంది. నేనలా అనను.

ఆ రోజుల్లో నేను రోడ్ల సర్వేయర్ని. రోడ్డు లేని చోట రోడ్డు ఎటు పోవాలో కొలిచి చెప్పేవాణ్ణి. మా ఆవిడ అదే ఆఫీసులో మ్యాపులు గీసేది. వాగును చూపించే నీలిగీత వెంట్రుకంత సన్నగా, ఎక్కడా తెగకుండా గీయగలిగింది ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే. ఆ రోజు అమ్మాయిని నట్టు ఇంట్లో దింపి ఇద్దరం ఒకే జీపులో కొండకు బయల్దేరాం. మూడో వాగు దాటాక బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. నేను సీటు పక్కకు చెయ్యి చాపాను. చేతికి ఏమీ తగల్లేదు. సిలిండరు వెనక, డేరా మూటల కింద ఎక్కడో ఉంది. నేను దిగి దోసిళ్ళతో మట్టి పోస్తున్నాను. ఆమె వెనక తలుపు తీసి మూటలు లాగింది. సిలిండరు దొరికింది కాని, దొరికేసరికి మంట వెనకదాకా వచ్చేసింది.

జీపు పోతే పోయింది. ఆమె రెండు చేతులూ కాలాయి. మానాయి కూడా. కాని ఆ తర్వాత ఆమె గీసిన ప్రతి గీతా లావుగానే వచ్చేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. చివర్లో రాసిన సరుకుల చీటీ నా దగ్గరే ఉంది. ఒకటో తరగతి పిల్ల రాసినట్టుంటుంది.

మా చీఫ్ ఇంజనీరు రిటైరయ్యాక ఆత్మకథ రాసుకున్నాడు. అందులో అరపేజీ నాకు కేటాయించి, "ఒక సర్వేయరు అజాగ్రత్త వల్ల ప్రభుత్వ వాహనం దగ్ధమైంది" అన్నాడు. కాలిన చేతుల గురించి ఒక్క ముక్క లేదు. చాలా పుస్తకాలు చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అంత ఉపయోగపడిన పుస్తకం నా దగ్గర ఇంకోటి లేదు. ఈ రాతబల్ల ఊగకుండా కాలి కింద పెట్టింది దాన్నే.

సిలిండరు వెనక ఉంది. ముందు లేదు. మాట తప్పింది వాడు.


మార్చి 5

బండి వాడి షెడ్డుకు వెళ్ళింది. నేను చూడలేదు. కిటికీలోంచి చూశాను, అంతే.


మార్చి 7, శుక్రవారం

బండి తిరిగి వచ్చింది. అమ్మాయి ఆసుపత్రికి వెళ్ళాక తాళం తీసి తనిఖీ చేశాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో బండి కింద దూరడం ఎవరికీ గౌరవప్రదం కాదు. అయినా దూరాను.

ఎక్కడా ఏమీ దొరకలేదు. పెట్రోలు గొట్టాలు కొత్తవి. వైర్లు ఇనుముకు రాసుకునే ప్రతి చోటా రబ్బరు తొడుగు వేశాడు. బ్యాటరీని ఒక్క దెబ్బతో తెంపే మెయిన్ స్విచ్ డ్రైవరు కాలి దగ్గరే ఉంది. సీటు పక్కన ఎర్ర సిలిండరు. ప్లాస్టిక్ పట్టీ కాదు, ఇనప క్లాంపు, లాగితే ఊడే కొక్కెం. నేను సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి చాపాను. తగిలింది. ఇంకోసారి చాపాను. మళ్ళీ తగిలింది. టేపు పెట్టి కొలిచాను, నా భుజం నుంచి మూరన్నర.

ఇప్పుడు బాగానే బిగించాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆలస్యంగా.

సిలిండరు మెడకు దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద వరుసగా తేదీలు, ప్రతి నెలా ఒకటో తారీకు. ప్రతి తేదీ పక్కనా ఒకే మాట: తట్టాను. తట్టాను. తట్టాను. సాయంత్రం అమ్మాయిని ఇదేమిటని అడిగాను.

గతుకుల్లో తిరిగే బండిలో ఆ కుదుపులకు లోపలి పొడి అడుక్కి దిగి గట్టిపడుతుందట. అందుకని నెలనెలా సిలిండరు తీసి, తలకిందులు చేసి, అడుగున రబ్బరు సుత్తితో తట్టి, లోపల పొడి జారిన చప్పుడు చెవి పెట్టి వింటాడట. మామయ్య తనకు కూడా నేర్పించాడట.

"మీటరు మీద ముల్లు పచ్చలో ఉంటే చాలదా?" అన్నాను.

"ముల్లు గాలి సంగతే చెబుతుంది నాన్నా. పొడి సంగతి చెప్పదు."

ఇది ఆమె మాట కాదు, వాడి మాట. ఓడల్లో పుట్టే మంటల మీద, గనుల్లో పుట్టే మంటల మీద, ముట్టడిలో కోటల్ని ఎలా తగలబెట్టారన్న దాని మీద నేను చదివిన పుస్తకాలు ఆ అల్మారా నిండా ఉన్నాయి. సుత్తి పెట్టి తట్టమని ఏ మహానుభావుడూ రాయలేదు. పసిపిల్లల వీపు తట్టినట్టు సిలిండర్ని తట్టి నిద్రపుచ్చుతాడు కాబోలు.


మార్చి 9, ఆదివారం

ఒక పని చేశాను. మంచి పనే.

రెండేళ్ళ క్రితం అమ్మాయికి నేనొక సిలిండరు కొనిచ్చాను. పేరున్న కంపెనీది, వాడి దానికన్నా పెద్దది. ఆమె దాన్ని మర్యాదగా తీసుకుని వెనక పనిముట్ల పెట్టెలో, జాకీ పక్కన పడేసింది. అప్పటినుంచీ బండితోపాటే తిరుగుతోంది. ఒక్కసారీ వాడలేదు. ముల్లు నిండు పచ్చలో ఉంది. అంటే కొత్తదే.

మధ్యాహ్నం ఆమె, కాంపౌండరు కలిసి టీకా పెట్టెలకు మంచుముక్కలు తేవడానికి వెళ్ళారు. బండి వాకిట్లోనే ఉంది. వాడి సిలిండరు తీసేసి నాది పెట్టాను. నాది కాస్త లావు, క్లాంపు వదులు చెయ్యాల్సి వచ్చింది. పానా తిప్పుతుంటే చెయ్యి దానంతట అదే దారి పట్టింది. పాత అలవాటు కదా.

పాత అలవాటని ఎందుకు రాశానో. నేనెప్పుడూ విప్పలేదు.

వాడి అట్టముక్కను నా సిలిండరు మెడకే కట్టేశాను, లేకపోతే అమ్మాయి అడుగుతుంది. వాడి సిలిండరు ఇప్పుడు నా మంచం కింద ఉంది.


మార్చి 10

ఆరింటికి బయల్దేరింది. కాంపౌండరు వెనక సీట్లో టీకా పెట్టెలను పట్టుకుని కూర్చున్నాడు. సిలిండరు చెయ్యి చాపితే అందే చోటే ఉంది. నేను చూశాను.


మార్చి 11

ఫోను లేదు. కొండమీద సిగ్నల్ ఉండదు, శనివారం కిందికి దిగినప్పుడు చేస్తానని ముందే చెప్పింది. నేనేమీ కంగారు పడటం లేదు.


మార్చి 12, బుధవారం

కళ్ళద్దాలు మంచం కిందికి జారిపోయాయి. తీస్తూ వాడి సిలిండర్ని కూడా బయటికి లాగాను. ఎందుకని అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్పాల్సిన పని లేదు. తలకిందులు చేశాను. లోపల ఏదో జారింది. మెత్తగా, తడి లేని ఇసుక ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి పోసినట్టు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ జారింది.

ఆదివారం నా సిలిండర్ని పెట్టెలోంచి తీసినప్పుడు అది అడ్డంగా పడి ఉంది. ఎత్తాను, నిలబెట్టాను, క్లాంపులోకి దించే ముందు ఒకసారి తిప్పి కంపెనీ పేరు కూడా చదువుకున్నాను. చప్పుడు వచ్చిందా?

రాలేదు.

వచ్చి ఉంటుంది, నేను వినలేదేమో. నా కుడిచెవి సరిగా పని చెయ్యదు. డాక్టరు వయసు మీద పడిందన్నాడు. తన వయసేమైనా తక్కువా?

మధ్యాహ్నమంతా అల్మారా వెతికాను. ఓడల పుస్తకంలో లేదు. గనుల పుస్తకంలో లేదు. చివరికి ఎక్కడ దొరికిందంటే చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. సిలిండరు కొన్నప్పుడు దాంతోపాటు ఇచ్చిన నాలుగు మడతల కాగితంలో. నేను దాన్ని గనుల పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్నాను. సన్న అక్షరాల్లో ఉంది: కుదుపులు ఎక్కువగా ఉండే వాహనాల్లో పొడి గడ్డకట్టే అవకాశం ఉంది, అప్పుడు మీట నొక్కితే గాలి మాత్రమే బయటికి వచ్చి పొడి లోపలే ఉండిపోతుంది, మీటరు ఈ సంగతి చూపించదు, తరచుగా తలకిందులు చేసి తట్టవలెను.

తట్టవలెను.

రెండేళ్ళు. జాకీ పక్కన, ఇనప పెట్టెలో, ప్రతి రాయికీ ఎగిరెగిరి పడుతూ రెండేళ్ళు.

ఫోను తొమ్మిదిసార్లు చేశాను. కాంపౌండరుకు నాలుగుసార్లు. అందుబాటులో లేరు.


మార్చి 13, గురువారం

ఇవాళ వాడి షెడ్డుకు వెళ్ళాను.

ఇంకో దారి లేక వెళ్ళాను, అది ముందు రాసుకోవాలి. ఆ కొండ దారి తెలిసినవాడు, ఆ దారెక్కే బండి ఉన్నవాడు ఈ ఊళ్ళో వాడొక్కడే. పొద్దున లేచి గడ్డం గీసుకుని, మంచం కింది సిలిండర్ని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. దారంతా ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. ఓడిపోయిన సేనాపతులు రాయబారానికి వెళ్ళేటప్పుడు ఎలా మాట్లాడారో బోలెడు చదివాను. షెడ్డు ముందు దిగాక ఒక్క ముక్కా గుర్తు లేదు.

షెడ్డు శుభ్రంగా ఉంది. అది నాకు నచ్చలేదు. గోడకు పానాలు చిన్న నుంచి పెద్ద దాకా వరుసగా వేలాడుతున్నాయి, ఒక్కోదాని వెనకా దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంది, ఏది లేకపోయినా తెలిసేలా. వాడు ఒక లారీ చక్రం ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. పెదాల మధ్య నట్టు అలాగే ఉంది.

నన్ను చూసి లేచాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. పీటను నావైపు జరిపాడు. నోట్లోంచి నట్టు తీశాడు.

"రా బావా" అన్నాడు. నిన్న సాయంత్రమే వచ్చి వెళ్ళినవాణ్ణి పిలిచినట్టు.

నేను కూర్చోలేదు. ఉన్నదంతా నిలబడే చెప్పాను: ఆదివారం మార్చాను, నాది పెట్టాను, రెండేళ్ళు పెట్టెలో దొర్లింది, చప్పుడు రాలేదు, నీ బండి తియ్యి, ఇప్పుడే బయల్దేరదాం.

వాడు నట్టు జేబులో వేసుకుని షెడ్డు లోపలికి వెళ్ళాడు. ఎర్ర సిలిండరు ఒకటి పట్టుకుని వచ్చాడు. పేరున్న కంపెనీది. పెద్దది. నాది.

"సోమవారం పొద్దున టైర్లలో గాలి చూపించుకోడానికి వచ్చింది అమ్మాయి. కొండకు పోయేటప్పుడల్లా వస్తుంది. నేను బండంతా ఒకసారి తడిమి గాని పంపను. అట్టముక్క నాదే, సిలిండరు నాది కాదు. తిప్పి చూశా, కదల్లేదు. మంచిది ఇంకోటి పెట్టి పంపించా."

కూర్చున్నాను. పీట దగ్గర్లోనే ఉండటం మంచిదయింది.

పోయిన ప్రాణం తిరిగొచ్చిందని జనం అంటుంటే అరిగిపోయిన మాట అని విసుక్కునేవాణ్ణి. ఆ మాట చాలా సరిగ్గా తూచి చేసిన మాట. మెడ దగ్గర నుంచి కిందికి, ఒక్కో అవయవంలోకి తిరిగొస్తుంది. మోకాళ్ళలోకి అన్నిటికన్నా చివర వస్తుంది.

కాసేపటికి వాడే నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. నా సిలిండరు పిన్ను లాగి, ఖాళీ జాగా వైపు పెట్టి మీట నొక్కాడు. బుస్సుమని పెద్దగా గాలి. దాని వెంట ఒక్క పఫ్పు పొడి, అద్దం ముందు నిలబడి ముఖానికి రాసుకునేంత. ఆపైన ఉత్త గాలే. ముల్లు నెమ్మదిగా పచ్చలోంచి ఎర్రలోకి దిగింది. గాలంతా పోయాక వాడు మూత విప్పి తలకిందులు చేసి గట్టిగా కొట్టాడు. సీసా అడుగున ఉప్పు గట్టిపడినట్టు, ఒక తెల్లటి గడ్డ కదలకుండా అలాగే ఉండిపోయింది.

నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాకు కనిపించింది గడ్డ కాదు.

"నువ్వు మార్చావని నాతో చెప్పొచ్చుగా" అన్నాను.

"చెబితే ఏమంటావో తెలుసు కదా బావా."

తెలుసు. నాకూ తెలుసు. అయినా వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పోలేను కదా. ఇరవై తొమ్మిదేళ్ళుగా మోస్తున్నది అక్కడ దించాను. ఆ రోజు కూడా ఇలాగే శ్రద్ధగా బిగించి ఉంటే మీ అక్క చేతులు ఉండేవి అన్నాను.

వాడు జేబులోంచి నట్టు తీసి, ఒకసారి చూసి, మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు.

"బిగించాను బావా. నాలుగు బోల్టులు."

టీ తెప్పించాడు. తాగాను. చల్లారిపోయింది.


మార్చి 14

ఇనప పెట్టెలో పాత డైరీలున్నాయి. ఆ ఏడాదిది కూడా ఉంది. తెరవాల్సిన అవసరం లేదు. అందులో ఏముందో నాకు తెలుసు.

నాలుగు బోల్టులట.


మార్చి 15, శనివారం

ఫోను వచ్చింది. పదకొండున్నరకు. క్షేమం. క్షేమం. ముందు ఈ మాట రెండుసార్లు రాసుకుంటే గాని తర్వాతది రాయలేను.

నిన్న బండికి మంట అంటుకుందట. నేను ఫోనును చెవి మార్చుకున్నాను, పని చేసే చెవికి. ఎండుగడ్డిలో గంటసేపు నడిపితే ఆ గడ్డంతా బండి అడుగున, సైలెన్సర్ గొట్టానికీ రేకుకీ మధ్య, ఎవరో కావాలని దట్టించినట్టు చేరిందట. ముందు కాలిన వాసన. తర్వాత కాళ్ళ కిందినుంచి పొగ. గడ్డిలో ఆపితే కొండే తగలబడుతుందని, కనిపిస్తున్న రాతిపలక దాకా నడిపించి అక్కడ ఆపిందట. ఇంజను ఆపింది, మెయిన్ స్విచ్ తెంపింది, కాంపౌండర్ని దిగమంది, కుడిచేత్తో బెల్టు విప్పుతూనే ఎడంచేత్తో సిలిండరు అందుకుంది. ఆ వరుస చెబుతుంటే నేను కళ్ళు మూసుకుని ఒక్కో మెట్టూ ఆమెతో దిగాను. చెయ్యి చాపింది, తగిలింది.

గాలి వీపుకు తగిలేలా నిలబడి, మోకాళ్ళ మీద కూర్చుని, మంట మొదలు చూసి కొంచెం కొంచెంగా కొట్టిందట. మూడుసార్లు. మంట పోయింది. ఆరిన మంటను నమ్మొద్దని మామయ్య చెప్పాడు కాబట్టి మీట మీద వేలు తియ్యకుండా, కాంపౌండరు కొక్కెంతో కాలిన గడ్డి లాగుతుంటే కాపలా కాసింది. ఒక్క కుచ్చు మళ్ళీ రాజుకుంది. నాలుగోసారి కొట్టింది. అయిపోయింది. టీకాలకు ఏమీ కాలేదు. కాంపౌండరు మీసాలు తెల్లబడి ముసలాడిలా తయారయ్యాడని చెప్పి పగలబడి నవ్వింది.

"నీ చేతులు?" అన్నాను.

"చేతులకేం నాన్నా. బాగున్నాయి."

"రెండూ?"

"రెండూ బాగున్నాయి నాన్నా" అంది, ఈసారి మెల్లగా.


మార్చి 17, సోమవారం

సాయంత్రం నాలుగింటికి వచ్చింది. బండి అడుగంతా తెల్లపొడి. లోపలికి రాగానే చేతులు చాపమన్నాను. చిన్నప్పుడు మట్టిలో ఆడి వచ్చినప్పుడు చాపినట్టు చాపింది. అరచేతులు చూశాను, తిప్పి వెనకా చూశాను, వేళ్ళు ఒక్కొక్కటీ చూశాను. గోళ్ళలో మసి ఉంది. ఇంకేమీ లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో ఇంకోసారి చూశాను.

సిలిండరు మార్చింది నువ్వేనని పోయిన సోమవారమే తెలుసు అంది. మామయ్య నీతో అనొద్దన్నాడు అంది. మరి ఇప్పుడైనా నాలుగు తిట్టవేం అని అడిగాను.

"అమ్మ ఏమనేది?"

"ఏమీ అనేది కాదు."

"అదే నేనూ అంటున్నా" అని స్నానానికి వెళ్ళిపోయింది.


మార్చి 18, మంగళవారం

పెట్టె తెరిచాను.

ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. అక్షరాలు నావే, సిరా నాదే.

"బయల్దేరుతుంటే ఆవిడ మోకాలికి సిలిండరు తగులుతోందంది. బావమరిది గేరు పక్కన బలంగా బిగించాడు. నాలుగు బోల్టులు విప్పేసరికి చెమటలు పట్టాయి. తీసి వెనక పెట్టాను. తిరిగి వచ్చాక మళ్ళీ బిగించాలి."

తేదీ ఆ రోజుదే. పొద్దున రాసింది. సాయంత్రానికి డైరీ రాసే పరిస్థితి లేదు. తర్వాతి పదహారు పేజీలు ఖాళీ. పదిహేడో పేజీలో మొదటి వాక్యం: "మాట తప్పాడు."

ఆ పదహారు ఖాళీ పేజీల్లో ఎక్కడో మరిచిపోయాను. మరిచిపోవాలని కూర్చుని మరిచిపోలేదు, అంత తెలివి నాకు లేదు. కాని ఈ పెట్టె తాళంచెవి ఎక్కడుందో మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒక్కరోజూ మరిచిపోలేదు.

చీఫ్ ఇంజనీరు రాసిన అరపేజీ నిజమే. పుస్తకాన్ని మాత్రం బల్ల కింద నుంచి తియ్యను. బల్ల ఊగుతుంది.


మార్చి 20, గురువారం

నట్టు వచ్చాడు. నా సిలిండరు శుభ్రం చేసి, కొత్త పొడి నింపించి తెచ్చాడు. గడపలో చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. రమ్మన్నాను. పాత డైరీ ఆ పేజీ దగ్గర తెరిచి చేతికిచ్చాను. చదివాడు. రెండుసార్లు చదివినట్టున్నాడు. నోట్లో నట్టు లేదు, అయినా పెదాలు దాన్ని పట్టుకున్నట్టే బిగించాడు.

ఆశ్చర్యపోలేదు. అది గమనించాను.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"కాలిన జీపును షెడ్డుకు ఈడ్చుకొచ్చింది నేనే కదా బావా. బోల్టులు విరగలేదు, పానాతో విప్పినట్టున్నాయి. ఆసుపత్రికి పోయి అక్కనడిగా."

"ఏమంది?"

అమ్మాయి వచ్చి టీ పెట్టి వెళ్ళింది. వాడు గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

"రెండు చేతులకీ కట్లున్నాయి. మోకాలికి తగులుతోందని విప్పించింది నేనేరా, మీ బావతో అనకు అంది. ఆయన ఎవర్నో ఒకర్ని అనకుండా ఉండలేడు, తనని తాను అనుకోవడం మొదలుపెడితే మనిషి మిగలడు, నిన్ను అంటే నువ్వు ఓర్చుకుంటావు అంది. సరే అన్నా."

అంతే. సరే అన్నాడట. ఒక చక్రం మార్చమంటే సరే అన్నట్టు.

మా ఆవిడ నాకు చెప్పకుండా ప్రతి నెలా తమ్ముడింటికి వెళ్తోందని నాకు తెలుసు. తెలియనట్టు ఉండటం నేను చూపించిన పెద్దమనసని అనుకునేవాణ్ణి. వాళ్ళిద్దరూ ఆ ఇంట్లో కూర్చుని నెలనెలా నన్ను తలకిందులు చేసి తట్టి, ఇంకా గడ్డకట్టలేదు కదా అని చూసుకునేవారు కాబోలు.

వాడు వెళ్ళేటప్పుడు వచ్చే ఆదివారం భోజనానికి రమ్మన్నాను. సరే అన్నాడు. బండి కోసం ఒకటో తారీకున వస్తాను, అప్పుడు నీ సిలిండర్నీ తడతాను అన్నాడు. నేనే తట్టుకుంటాను, సుత్తి ఇచ్చి పో అన్నాను. ఇచ్చాడు. ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. ఇప్పటికే రెండుసార్లు తట్టి చూశాను. లోపల పొడి జారే చప్పుడు ఎడమచెవికి చక్కగా వినిపిస్తోంది. వినడానికి హాయిగా ఉంది.

ఒక్కటే మిగిలింది. తప్పు ఎవరిదో తేలాక కోపం ఎక్కడ పెట్టుకోవాలి. మా ఆవిడను అనలేను. ఎదురు చెప్పలేని మనిషిని అనడంలో రుచి లేదు. నన్ను నేను అనుకుందామని నిన్న మధ్యాహ్నం కొంచెంసేపు ప్రయత్నించాను. అలవాటు లేని పని, నడుం పట్టేసింది. బాగా ఆలోచించి, నిదానంగా, కోపం లేకుండా రాస్తున్నాను: నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కడినే. మా బావమరిదిని. నట్టుని. ఇరవై తొమ్మిదేళ్ళపాటు దాన్ని నోట్లోంచి తియ్యనందుకు.